పెంచుకోవడానికా, కోసుకోవడానికా?

మా గేటు ముందు ఆగిన వాళ్లందరూ అడిగిన మొదటి మాట ఇదే. పాలవాడు అడిగాడు, కరెంటు బిల్లు కొట్టడానికొచ్చినబ్బాయి అడిగాడు, మా ఆడపడుచు ఫోన్లో అడిగింది. కుక్కను పెంచుకుంటున్నామంటే ఎవరూ ఎందుకని అడగరు. కోడి అనేసరికి నవ్వుతారు. ఏడాది దాటి మూడు నెలలైంది. మా ఇంట్లో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను. నేను మొదలుపెట్టినప్పుడు ఇలాంటిదొకటి ఎవరైనా రాసి ఉంటే రెండు మూడు ప్రాణాలైనా మిగిలేవి.

మేముండేది ఖమ్మంలో, ఊరి చివర. పెద్ద పెరడేం కాదు. ఒక జామచెట్టు, కరివేపాకు చెట్టు, అత్తయ్య తోటకూర మడి, అంతే. 2024 జూన్ 23, ఆదివారం, సంతకెళ్లిన మావారి వెంట పిల్లలిద్దరూ వెళ్లి, చెవులకు చిల్లులు పెట్టిన అట్టపెట్టెతో తిరిగొచ్చారు. అందులో ఐదు రంగు కోడిపిల్లలు. రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి పసుపు, ఒకటి గులాబి. ఒక్కోటి పది రూపాయలు. అవేమిటో నాకు తర్వాత తెలిసింది. గుడ్ల కోసం పెంచే జాతిలో పుట్టిన మగపిల్లలవి. గుడ్డు పెట్టవు, మాంసానికీ త్వరగా ఎదగవు. అందుకని హేచరీల్లో వాటిని ఏరేస్తారు. వాటినే రంగులో ముంచి సంతల్లో అమ్ముతారు.

పెట్టెలో నా పాత కాటన్ చీర పరిచి, ఉక్కగా ఉంది కదా అని ఫ్యాను కింద పెట్టాను. మంగళవారం పొద్దునకి రెండు పోయాయి. బుధవారం ఇంకొకటి. ఊరి నుంచి అత్తయ్య వచ్చేసరికి రెండే మిగిలాయి. ఆవిడ పెట్టెలోకి వంగి చూసి, "ఫ్యాను గాలికి పెట్టి చంపారు కదే అమ్మాయ్, తల్లి రెక్క కింద ఉండాల్సిన పిల్లలు" అంది. అరవై క్యాండిల్ బల్బు తెమ్మంది. మీకు నవ్వొస్తుందేమో గానీ, మా బజార్లో ఆ బల్బు దొరకడానికి నాలుగు షాపులు తిరిగాం. అందరి దగ్గరా ఎల్‌ఈడీలే. అవి వెలుగిస్తాయి గానీ పిల్లకు కావలసిన వేడి ఇవ్వవు. బల్బు వచ్చేలోపు పసుపు పిల్ల కూడా పోయింది. మిగిలింది గులాబి రంగుది ఒక్కటే.

అది పగలూ రాత్రీ కీచుమని ఒకటే ఏడుపు. అత్తయ్య తన చేతి అద్దం తెచ్చి పెట్టె గోడకు ఆనించింది. గులాబి పిల్ల అందులో కనిపించే పిల్లకు ఆనుకుని పడుకుంది. ఆ రాత్రి నేను రెండుసార్లు లేచి చూశాను. పది రూపాయల కోడిపిల్ల కోసం నిద్ర మానుకున్నానని అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

దానికి తోడు కావాలని జూలై 7న ఎనిమిది గ్రామప్రియ పిల్లలను తెచ్చాం. నెల వయసువి, ఒక్కోటి 120 రూపాయలు. గ్రామప్రియ, వనరాజా రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు. గుడ్లు ముఖ్యమైతే గ్రామప్రియ, గుడ్లూ మాంసమూ రెండూ అనుకుంటే వనరాజా. మాకు అమ్మినాయన "అన్నీ పెట్టలేనమ్మా" అని ఒట్టేశాడు. ఆ వయసులో చూసి చెప్పడం తేలిక కాదని నాకప్పుడు తెలియదు. తెచ్చిన రోజే ఇంకో తప్పు చేశాను. రెండు వారాల గులాబిని తీసుకెళ్లి వాటి మధ్యలో వదిలేశాను. తోడు దొరికిందని సంబరపడుతుందనుకుంటే, ఎనిమిదీ కలిసి దాని నెత్తి మీద రక్తం వచ్చేలా పొడిచాయి. పది రోజులు మధ్యలో జాలీ అడ్డం పెట్టి, ఒకరినొకరు చూసుకోనిచ్చాక గానీ కలవనివ్వలేదు.

"పేర్లు పెట్టకండ్రా, రేపు కోయాలంటే చెయ్యి రాదు" అని అత్తయ్య పిల్లలకు ముందే చెప్పింది. వాళ్లు వింటేనా! నానమ్మకు కోపం రాకుండా పోపుల పెట్టె ముందేసుకుని అందులోంచి పేర్లు తీశారు. బెల్లం, మిరియం, చింతపండు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఇంగువ, లవంగం. బెల్లమూ చింతపండూ పోపుల పెట్టెలో ఉండవని నేనంటే మా చిన్నోడు ఒప్పుకోలేదు.

గూడు వెల్డింగ్ షాపులో చేయించాం, 6,500 అయింది. నాలుగడుగుల వెడల్పు, కింద కాళ్లు, పైన రేకు. కిందంతా ఊక పరిచాం. కోళ్ల కంటే ముందు గూడు సిద్ధం చేసుకోవాలి. మేము రెండు వారాలు వాటిని స్నానాలగదిలో పెట్టి, మేము బయట పంపు దగ్గర స్నానాలు చేశాం.

ఆగస్టు మొదట్లో కొక్కెర తెగులు టీకా గొడవ. నెలలోపు వేయాల్సినవి అమ్మినాయన వేశానన్నాడు. ఎనిమిది వారాలప్పుడు ఇంకోటి, రెక్క కింద ఇంజెక్షన్. పశువుల ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు నవ్వి, "సీసా వంద కోళ్లకు వస్తుందమ్మా, మీవి తొమ్మిది" అన్నారు. ఒకసారి మందు కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, దాచుకోవడానికి ఉండదు. సీసాను ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. మిగతా తొంభై ఒక్క డోసులు పారబొయ్యడం అత్తయ్యకు ఇష్టం లేకపోయింది. ఆవిడ చిన్నప్పుడు ఒక ఎండాకాలం వాళ్లూళ్లో ఆ తెగులు వచ్చి, వారంలో గూళ్లన్నీ ఖాళీ అయ్యాయట. మెడలు మెలితిరిగి, తెల్లగా పచ్చగా విరోచనాలై పోయాయట. వచ్చాక దానికి మందు లేదు. ఆవిడే ఇల్లిల్లూ తిరిగి మా వీధిలో, వెనక వీధిలో ఉన్న కోళ్లను పోగేసింది. నలభై రెండు తేలాయి. మా వీధిలో ఇన్ని కోళ్లున్నాయని ఆరోజు వరకు నాకు తెలియదు.

సెప్టెంబరు 1. ఆ తేదీ ఖమ్మంలో ఎవరూ మర్చిపోరు. మున్నేరు పొంగి ఒడ్డునున్న కాలనీలు మునిగాయి, జనం మేడల మీదికెక్కి అన్నం పొట్లాల కోసం ఎదురుచూశారు. మా ఇల్లు ఎత్తున ఉంది కాబట్టి నీళ్లు రాలేదు. కానీ ఆ రెండు మూడు రోజుల జల్లుకు గూట్లో ఊకంతా తడిసి ముద్దయింది. ఊళ్లో మనుషులు ఇళ్లు పోగొట్టుకుని ఏడుస్తుంటే కోళ్ల ఊక గురించి పట్టించుకోవడానికి సిగ్గేసింది. తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. వారం తిరక్కుండానే జీలకర్ర ఒక మూల రెక్కలు వేలాడేసి, ముడుచుకుని నిలబడింది. రెట్టలో రక్తం. అప్పటికీ నేను వామునీళ్లు పట్టించి ఒక పూట చూశాను. మర్నాటికి పోయింది.

డాక్టరు గారు రెట్ట చూడగానే రక్తపారుడు అన్నారు. కాక్సిడియోసిస్ అంటారట. ఆ క్రిమి తడి ఊకలోనే బలపడుతుంది. నీళ్లలో కలిపే ఆంప్రోలియం పొడి రాసిచ్చి, మందు కలిపిన నీళ్లు తప్ప వేరే నీళ్లేవీ అందుబాటులో ఉంచొద్దన్నారు. నేను బలానికి పోస్తున్న బి విటమిన్ టానిక్కు కూడా ఆ రోజుల్లో ఆపేయమన్నారు. ఆ మందు పనిచేసేదే క్రిమికి బి1 అందకుండా చేసి కాబట్టి, పైనుంచి మనం టానిక్కు పోస్తే మందు పని మందగిస్తుందట. నాకైతే ఎప్పటికీ తట్టని విషయం. ఊకంతా తీసి తగలబెట్టి, గూడు ఆరబెట్టి, సున్నం చల్లి, కొత్త ఊక వేశాం. మెంతులు కూడా పోయింది. మిగతావి వారంలో కోలుకున్నాయి. మా చిన్నోడు రెండింటినీ జామచెట్టు కింద పాతిపెట్టి, పైన నిజంగానే జీలకర్ర, మెంతులు చల్లాడు. అత్తయ్య ఏమీ అనలేదు.

అక్టోబరు నాటికి అసలు సంగతి బయటపడింది. ఇంగువ, లవంగం పుంజులు. గులాబి ఎలాగూ పుంజే. రంగంతా ఊడిపోయి తెల్లటి ఈకలతో, పక్కకు వాలిపోయే ఎర్రటి తురాయితో, సన్నగా పొడుగ్గా తయారైంది. దాన్ని గులాబి అని పిలుస్తుంటే కొత్తవాళ్లకు అర్థం కాదు. మూడూ కలిసి తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టేవి. పై వాటాలో అద్దెకున్నవాళ్లకు నాలుగు నెలల పసిబిడ్డ. ఆ అమ్మాయి పాపం మూడు వారాలు ఓర్చుకుని, ఒకరోజు మెట్ల మీద నిలబడి, "ఆంటీ, మీ కోళ్లు లేపితే మావాడు మళ్లీ పడుకోవట్లేదు" అంది. గూటికి రాత్రిపూట గోనెపట్టాలు కప్పి చీకటి చేశాం. కూత ఐదున్నరకు జరిగింది. అంతకంటే జరగలేదు.

ఈ గొడవల మధ్య సంతోషం ఎక్కడుందంటారా? పొద్దున గూడు తలుపు తీస్తే నాలుగు పెట్టలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ నా కాళ్ల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవి, లంగా ఎత్తి పట్టుకుని పరిగెత్తే పెద్దమ్మల్లాగా. బెల్లం నా భుజం మీదికెక్కి చెవిపోగు పొడుస్తుంది. ఒక మధ్యాహ్నం అది దుమ్ములో పక్కకు పడి, కాళ్లు కొట్టుకుంటూ, కళ్లు మూసి తెరుస్తుంటే ఫిట్స్ అనుకుని టెన్షన్‌తో ఎత్తుకుని లోపలికి పరిగెత్తాను. అత్తయ్య పగలబడి నవ్వింది. అది దుమ్ములో పొర్లుతోందట. పేలు రాలడానికి కోళ్లు చేసుకునే స్నానం అది. స్నానం మధ్యలో ఎత్తుకుపోయినందుకు బెల్లం రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. అత్తయ్య తోటకూర మడి సంగతి మాత్రం అడక్కండి. ఇప్పుడక్కడ మడి లేదు.

డిసెంబరు 8, ఆదివారం, మొదటి గుడ్డు. ఆవాలు పెట్టింది. పిట్టగుడ్డుకు కాస్త పెద్దది, మీద చిన్న రక్తపు చార. పాప దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, "ఇంకా వేడిగా ఉందమ్మా" అని వంటింట్లోకి వచ్చినప్పటి ముఖం నాకు గుర్తుంది. ఉడకబెట్టి దారంతో రెండు ముక్కలు చేసి ఇద్దరికీ పెట్టాను. నెలలోపు నాలుగూ పెట్టడం మొదలుపెట్టాయి. మధ్యలో పెంకు లేకుండా, మెత్తగా బెలూన్‌లా ఒక గుడ్డు వచ్చింది. తోలుగుడ్డు. ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెడితే సర్దుకుంది. కావలసినప్పుడు అవే వచ్చి తిన్నాయి.

ఇక సంక్రాంతి. మూడు పుంజులకు నాలుగు పెట్టలు చాలవు. పెట్టల వీపుల మీద ఈకలు ఊడి తోలు కనపడుతోంది, పుంజులు ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా తన్నుకుంటున్నాయి. ఇంగువనూ లవంగాన్నీ పంపించేయాలి. కొంటానని వచ్చినాయన లవంగాన్ని కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి చేత్తోనే బరువు చూశాడు. నేను ఇవ్వనన్నాను. చివరికి జనవరి 11న మా ఆడపడుచు వాళ్లు మధిర వైపు వాళ్ల ఊరికి తీసుకెళ్లారు. వాళ్ల పెట్టల్లో వదిలేస్తామన్నారు. మేమూ సరేనన్నాం. ఎవరికి వాళ్లం నమ్మినట్టు నటించాం. కనుమ నాడు మా చిన్నోడు ఫోన్ చేసి "ఇంగువ ఏం చేస్తోంది అత్తా" అంటే, అవతల ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య ఫోన్ తీసుకుని వసారాలోకి వెళ్లిపోయింది. నేను కోడికూర తిననిదాన్నేం కాదు. ఆ ఆదివారం కూడా మా ఇంట్లో బజారు నుంచి తెచ్చిన కోడే ఉడికింది. పిల్లలు తిన్నారు. నాకు ముద్ద దిగలేదు. మరుసటి ఆదివారం దిగింది. దీన్ని ఎలా సమర్థించుకోవాలో నాకు తెలియదు.

ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిందన్న వార్తలు. ఆంధ్రా నుంచి వచ్చే కోళ్ల బండ్లను సరిహద్దుల్లో ఆపేశారు. మాదేమో సరిహద్దు జిల్లా. అంతవరకూ రెండు గుడ్లివ్వమని అడిగిన పక్కింటివాళ్లు గేటు దగ్గర్నుంచే మాట్లాడారు. మూడు వారాలు కోళ్లను బయటికి వదల్లేదు. కాకులు, కొంగలు వాలకుండా మేత గిన్నెలు లోపల పెట్టాం. గుడ్లు గట్టిగా ఉడికించి మేమే తిన్నాం. ఏమీ కాలేదు గానీ, ఒక కోడి తుమ్మితే చాలు నా గుండె జారేది.

మార్చి 22, శనివారం రాత్రి. ఇది రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. గూడు గొళ్లెం వేయడం రోజూ నా పని. ఆరోజు మా చెల్లెలి ఫోన్ వచ్చింది. మాట్లాడుతూ తలుపు దగ్గరకు వేసి, గొళ్లెం పెట్టకుండా వచ్చేశాను. పొద్దున చూస్తే వాకిలంతా ఈకలు. మిరియం తల లేదు. చింతపండు మెడ మీద గాటుతో ఊపిరి ఆడుతూ ఉంది. బావురుపిల్లి పని అన్నారు మావారు. బెల్లం, ఆవాలు గూటి పైకర్ర మీద మూలకు నక్కి బతికాయి. పుంజు పెట్టలను కాపాడుతుందని ఎక్కడో విన్నాను. మా గులాబి కొన్నాళ్లుగా గూట్లోకి రాకుండా జామచెట్టెక్కి పడుకుంటున్నాడు. ఆ రాత్రి కూడా అక్కడే ఉన్నాడు, కూత కూడా పెట్టలేదు. తెల్లారాక మాత్రం ఏం జరగనట్టు కూశాడు.

చింతపండుకు గాయం కడిగి, పసుపు అద్ది, డాక్టరు గారిచ్చిన మందు రాసి, చుక్కచుక్కగా నీళ్లు పట్టాను. సోమవారం మధ్యాహ్నం నా ఒళ్లోనే పోయింది. గొళ్లెం సంగతి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పాప అడిగింది, "గొళ్లెం ఎవరు వేశారమ్మా" అని. నేనే వేయలేదని చెప్పాను. అది చాలాసేపు నా వంక చూసి, వెళ్లి బెల్లానికి నూకలు వేసింది. ఇప్పుడు గూటికి రెండు గొళ్లేలు, పైది పాప వేస్తుంది. తీగ జాలీ తీసేసి గట్టి వెల్డ్ మెష్ వేయించాం. పలచటి జాలీ కోడిని లోపల ఉంచుతుంది గానీ పిల్లిని బయట ఆపదు.

ఎండలు ముదిరాక గుడ్లు తగ్గాయి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే. రొప్పేకొద్దీ పెంకు కూడా పలచబడుతుంది. మట్టి మూకుళ్లలో నీళ్లు గంటకోసారి మార్చడం, పలచటి మజ్జిగ, రేకు మీద తడి గోనెలు. మే నెలంతా ఇదే పని. రెండూ నిలిచాయి.

ఇంక తేవద్దనే అనుకున్నాను. అత్తయ్యే ఏప్రిల్ చివర ఊరికెళ్లి, 700 పెట్టి ఒక నల్ల నాటుపెట్టను సంచీలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. గ్రామప్రియలు పొదగడానికి కూర్చోవు, ఎక్కువ గుడ్ల కోసం తయారుచేసిన వాటిలో ఆ గుణం పోతుంది. నాటుపెట్ట అలా కాదు. జూన్‌లో గుడ్ల గంపలో కూర్చుని లేవనంది, చెయ్యి పెడితే పొడిచింది. జూన్ 29, ఆదివారం సాయంత్రం, దాని కింద పదకొండు గుడ్లు పెట్టాం. దానివీ, బెల్లం, ఆవాలు పెట్టినవీ కలిపి. వారం తర్వాత చీకట్లో ఫోన్ టార్చి మీద పెట్టి చూస్తే తొమ్మిదింట్లో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనపడ్డాయి. రెండు ఉత్తవి, తీసేశాం. ఒకటి దాని కాలి కిందే పగిలింది. అది రోజుకు ఒక్కసారి లేచేది. పది నిమిషాల్లో తిని, తాగి, ఇంత పెద్ద రెట్ట వేసి మళ్లీ వచ్చి కూర్చునేది. ఆ వాసన ఎవరూ చెప్పలేదు నాకు.

జూలై 20, సరిగ్గా ఇరవై ఒకటో రోజు. తెల్లారేసరికి కీచుకీచులు. ఏడు పిల్లలు. ఒకటి పెంకు పొడిచి మధ్యలో ఆగిపోయింది. సాయం చేద్దామని నేను చెయ్యి చాపితే అత్తయ్య వద్దంది. అది బయటికి రాలేదు. ఏడింట్లో నాలుగు తెల్లగా ఉన్నాయి, తండ్రి పోలిక. సంతలో పది రూపాయలకు రంగేసి అమ్మినవాడి పిల్లలు! ఈసారి బల్బు కొనలేదు, అద్దం పెట్టలేదు. అన్నీ తల్లే చూసుకుంది. గద్ద ఒకదాన్నీ కాకి ఒకదాన్నీ ఎత్తుకెళ్లాయి. కాకి వచ్చినప్పుడు తల్లి రెక్కలు విప్పి దాని మీదికి దూకింది, నాలుగడుగుల ఎత్తుకు. గులాబి ఆ టైములో కుండీ వెనక ఉన్నాడు.

లెక్క కూడా చెప్తాను, మావారు రాసిపెట్టారు. గూడు, మేత, మందులు, కోళ్లు అన్నీ కలిపి ఈ సెప్టెంబరుకి 14,600. అందులో మేతే 5,600. క్యాలెండరు మీద గీతలు పెట్టి లెక్కేసిన గుడ్లు 340. అంటే గుడ్డు 43 రూపాయలు పడింది. గుడ్ల కోసమైతే కిరాణా కొట్టుకు వెళ్లండి.

ఐదు పిల్లలకీ ఇప్పుడు ఎనిమిది వారాలు. అందులో రెండింటి తురాయిలు అప్పుడే ఎర్రబడుతున్నాయి. చూసీ చూడనట్టు ఉన్నాను. పేర్లు ఇంకా పెట్టలేదు, పిల్లలు అడుగుతున్నారు. అత్తయ్య పాత మాటే అంటోంది, పేర్లు వద్దు అని. నిన్న సాయంత్రం నేను బట్టలు తీస్తుంటే పెరట్లో నాటుపెట్టతో ఆవిడ మాట్లాడుతోంది. "సీతాలూ, ఇటు రావే, పిల్లల్ని తీసుకుని లోపలికి నడు" అంటోంది. నన్ను చూసి ఊరుకుంది.

టీకా సీసా మళ్లీ వందదే. ఈసారి వీధిలో యాభై మూడు తేలాయి. పై వాటా అమ్మాయి కూడా వాళ్లబ్బాయి కోసమని రెండు పిల్లలు కొనుక్కుంది. ఆదివారం పొద్దున ఏడింటికల్లా కోళ్లను గంపల్లో పెట్టుకుని మా ఇంటికి రమ్మని అందరికీ చెప్పాను. ఐసు ముందే తెచ్చి పెట్టుకోవాలి.